అరసవల్లి పెరట్లో హోలీ

నెల్లిమర్ల,
జూలై 4, 2024.

చిరంజీవి భారతికి,

పిన్ని కూర్మమ్మ దీవెనలు. నీకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నువ్వు ఫోన్లో మాట్లాడలేవు. నా డబ్బా ఫోన్లో తెలుగు మెసేజీలు గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి తప్ప అక్షరాలు రావు. ఇక ఏం చెయ్యను? పోస్టాఫీసుకెళ్ళి కవర్లు కొనుక్కొచ్చాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగున నేనేమీ రాయలేదు. తప్పులుంటే దిద్దుకో, టీచరమ్మవి కదా.

అల్లుడు గిరిబాబు స్పేర్ పార్టుల సరుకు కోసం విజయనగరం వచ్చి, మా టిఫిను కొట్టు దగ్గర ఆగాడు. అతని చేత మూడు హోలీ మొక్కలు పంపుతున్నాను. మా ఇంటి ముందు నడుమెత్తు కంచె ఉంది చూడు, గోరంత ఆకులు, ఆకు అంచున చిన్న ముళ్ళు, వానల్లో తెల్లవి, గులాబి రంగువి పూలు పూస్తుంది. అదే. కిందటేడు గుచ్చిన కొమ్మలు వేళ్ళూనుకుని ఇంతయ్యాయి. సింగపూర్ హోలీ అంటారు. మీ చిన్నాన్న బతికున్న రోజుల్లో కడియం నర్సరీ నుంచి తెచ్చాడు.

మొక్కల కవరు చింపేటప్పుడు మట్టిముద్ద విరగనివ్వకు. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో చూసుకో. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం కాస్త నీడ పడాలి. పైమట్టి ఆరితేనే నీళ్ళు పొయ్యి. ఇది నెమ్మదిగా పెరిగే మొక్క, నెలకు బెత్తెడు కూడా సాగదు. తొందరపెట్టకు.

గొంతు ఎలా ఉంది? ఒక్కపూట కొట్టు మూసి వద్దామనుకుంటున్నాను. ఎప్పుడు రమ్మంటావు?

నీ పిన్ని
కూర్మమ్మ


అరసవల్లి,
జూలై 21, 2024.

పిన్నికి నమస్కారాలు.

మొక్కలు భద్రంగా చేరాయి. బస్సులో ఆయన వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట, చొక్కా నిండా మట్టి. మూడింటినీ మూడు కుండీల్లో నాటి పెరటి గోడ వారన పెట్టాను. పక్కింటి సూరయ్య మావయ్య గారి కొబ్బరిచెట్టు నీడ మధ్యాహ్నానికి సరిగ్గా అక్కడికి వస్తుంది.

మా ఝాన్సీకి ఒక్క పేరు తప్ప ఇంకేమీ చెవికెక్కలేదు. "నాన్నా, రంగులు ఎప్పుడు పూస్తాది?" అని రోజూ అడుగుతోంది. ఆ హోలీ వేరు, ఈ హోలీ వేరు అని ఆయన చెబితే నమ్మలేదు. పొద్దున్నే లేచి ఆకుల కింద రంగుపొడి ఉందేమోనని వెతుకుతోంది.

నేను బాగానే ఉన్నాను. మెడ మీద కుట్ల గీత మానిపోయింది. గొంతులో రెండు తంత్రులు ఉంటాయట, అందులో ఒకటి కదలడం లేదు. గడ్డ తీసేటప్పుడు నరం నలిగితే కొందరికి ఇలా అవుతుందని, తీరికగా బాగుపడవచ్చని డాక్టరుగారు చెప్పారు. ఏవో గొంతు సాధనలు రాసిచ్చారు. ఇంట్లో పలక మీద రాస్తే అందరికీ అర్థమైపోతోంది, ఇబ్బందేమీ లేదు. స్కూలుకు సెలవు పొడిగించాను.

నువ్వు ఇప్పుడు రావద్దు పిన్నీ. నీకు కొట్టు పని ఉంటుంది. కాస్త కుదుటపడ్డాక నేనే పిలుస్తాను.

నీ
భారతి


నెల్లిమర్ల,
ఆగస్టు 19, 2024.

చిరంజీవి భారతికి,

దీవెనలు. ఆకులు పసుపు తిరుగుతున్నాయని గిరిబాబు చెప్పాడు. అది మీ బోరు నీళ్ళ వల్ల. మీ బకెట్ల అంచున తెల్లటి పొర కట్టడం నేను చూశాను. ఆ నీళ్ళు ఈ మొక్కకు పడవు. వానలే కదా, చూరు కింద తొట్టి పెట్టి వాన నీళ్ళు పట్టుకో. మట్టి పైన రాలిన ఆకులు తీసేసి పిడికెడు వానపాముల ఎరువు వెయ్యి. ముదురు ఆకులు మళ్ళీ పచ్చబడవు, కొత్త చిగురు చూసి నమ్మాలి.

ఇప్పుడు ఇంకో మాట. అల్లుడు ఇడ్లీ తింటూ తింటూ ప్లేటు పక్కన పెట్టేశాడు. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగాను. అప్పుడు చెప్పాడు. డాక్టరు రాసిచ్చిన సాధనలు నువ్వు ఒక్కరోజు కూడా చెయ్యలేదట. గుసగుసగా కూడా మాట్లాడటం మానేశావట. ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోతున్నావట. అది నీ ఇష్టం అని ఊరుకుందునేమో. కానీ ఝాన్సీ కూడా గుసగుసగా మాట్లాడుతోందట కదా. ఇంట్లోనే కాదు, బళ్ళోనూ.

"అత్తా, ఇల్లు మూగబోయినట్టున్నాది. నానే టీవీ పెట్టుకుని కూకుంటన్నాను" అన్నాడు. అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొట్లోనూ ఇంట్లోనూ నాకు తోడుండే ధనలక్ష్మి కూడా చూసి పిండి కలపడం ఆపేసింది.

ఇబ్బందేమీ లేదని రాశావు. నాతో ఎందుకలా రాశావు భారతీ? మీ అమ్మ పోయాక నువ్వు నా దగ్గర ఏదీ దాచలేదు.

నీ పిన్ని
కూర్మమ్మ


అరసవల్లి,
ఆగస్టు 27, 2024.

పిన్నికి,

ఆయన అక్కడికి వచ్చి ఇవన్నీ చెబుతారని నాకు తెలియదు. తెలిస్తే నీ కొట్టు దగ్గర ఆగనిచ్చేదాన్నే కాదు.

అందరూ మాట్లాడు మాట్లాడు అంటారు. ఆ గొంతు వినాల్సింది నేను. పిల్లలకు పదకొండేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు అది. బడి ఆవరణలో ఆ చివర నుంచి పిలిస్తే ఈ చివర పిల్లలు ఆగేవారు. ఇప్పుడు నోరు తెరిస్తే సగం గాలి, సగం గరగర. ఆ ఉద్యోగం ఇక నావల్ల కాదు. మానేద్దామనుకుంటున్నాను.

నువ్వు మొక్కల గురించి రాస్తే చదువుతాను. మిగతావి రాయకు.

రెండు కుండీల్లో చిగురు వచ్చింది. మూడోదానికి కొమ్మల పంగల్లో తెల్లగా దూదిలాంటిది పట్టింది. ఏం చెయ్యాలి?

భారతి


నెల్లిమర్ల,
సెప్టెంబరు 3, 2024.

భారతికి,

మొక్కల గురించే రాయమన్నావు. రాస్తున్నాను.

ఆ దూది పిండిపురుగు. ముందు ఆ కుండీని మిగతా రెండింటికీ దూరంగా పెట్టు. పాత గుడ్డపేలిక కుంకుడు రసంలో ముంచి పంగలన్నీ తుడువు. ఆకుల ముళ్ళు గుచ్చుకుంటాయి, చేతికి ఏమైనా కట్టుకో. తర్వాత వేపనూనె నాలుగు చుక్కలు కుంకుడు నీళ్ళలో కలిపి సాయంత్రం పూట చల్లు. వారం ఆగి మళ్ళీ చల్లు. చీమలు ఎక్కుతుంటే వాటిని ఆపాలి, ఆ పురుగుని మోసుకొచ్చేవి అవే.

బాగా పట్టిన కొమ్మ ఉంటే కోసెయ్యి. కోసిన చోట నుంచి రెండు కొమ్మలు వస్తాయి. కత్తెర పదునుగా ఉండాలి, నలిపితే ఎండుతుంది. ఆ మూడోదాన్ని పారేయాలని చూడకు. నా కంచెలో సగం మొక్కలు ఎప్పుడో ఒకప్పుడు దూది పట్టినవే.

అంతే. కొట్లో బజ్జీల వేళయింది.

కూర్మమ్మ


అరసవల్లి,
అక్టోబరు 16, 2024.

పిన్నికి నమస్కారాలు.

ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు కోపం తెచ్చుకోకు. ఈ ఉత్తరం పొడుగవుతుంది.

దసరా సెలవుల ముందు ఝాన్సీ క్లాసు టీచరు కుసుమకుమారి గారు మమ్మల్నిద్దరినీ పిలిచారు. పాఠం చదవమంటే పాప పెదాలు కదుపుతోందట, మాట బయటికి రావడం లేదట. చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించమన్నారు. నేను పలక తీసి పాపకు ఏ జబ్బూ లేదని రాసి చూపించాను. ఆవిడ ఆ పలకను చూశారు, నన్ను చూశారు. ఝాన్సీని దగ్గరికి తీసుకుని మెల్లగా అడిగారు, గట్టిగా ఎందుకు మాట్లాడవమ్మా అని.

"గట్టిగా మాటాడితే మా అమ్మకి ఏడుపొస్తాది" అంది.

జూన్‌లో ఒకరోజు అది స్నానం చేస్తూ పాట పాడుతుంటే నేను వంటింట్లో ఏడ్చాను. చూసిందని నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల నా కోసం గొంతు దాచుకుంటోంది.

నీకు ఇంకో సంగతి కూడా చెప్పలేదు. జూన్‌లో బడి తెరిచిన రోజు నేను వెళ్ళాను. హాజరు పిలవబోతే మొదటి పేరు దగ్గరే గొంతు చీలిపోయింది. ఒకరిద్దరు పిల్లలు నవ్వారు, వాళ్ళ తప్పేమీ లేదు, వింతగా ఉంటే నవ్వరూ? నేను రిజిస్టరు పక్క టీచరుకు ఇచ్చేసి బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

కుసుమకుమారి గారి దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న ఝాన్సీని పెరట్లోకి తీసుకెళ్ళాను. మూడో కుండీకి పురుగు పూర్తిగా పోయింది. కోసిన చోట నువ్వన్నట్టే రెండేసి కొమ్మలు వచ్చాయి. ఆ కుండీ పక్కన కూర్చుని డాక్టరు రాసిచ్చిన కాగితం తీశాను. పెదాలు మూసి 'మ్' అని సాగదీయాలి, తర్వాత 'ఈ' అని ఊపిరి ఉన్నంతసేపు పట్టాలి. పట్టాను. ఏమని చెప్పను, గచ్చు మీద ఇనప కుర్చీ ఈడ్చినట్టుంది. ఝాన్సీ నా మొహంలోకి చూస్తోంది, ఏడుస్తానేమోనని. నేను ఏడవలేదు. నువ్వూ అనమని సైగ చేశాను. అదీ 'ఈ' అంది, మొదట భయం భయంగా, తర్వాత కొంచెం గట్టిగా.

గోడ అవతల నుంచి సూరయ్య మావయ్య గారు తల పెట్టి, "ఏటి గిరిబాబూ, మీ మోటారు పట్టేసినాదా?" అని అడిగారు.

పెరటి గుమ్మంలో నిలబడ్డ మా ఆయన నా వైపు చెయ్యి చూపించారు. ఝాన్సీ పకపకా నవ్వింది. దాన్ని చూసి నాకూ నవ్వొచ్చింది. పిన్నీ, ఆ నవ్వుకు చప్పుడు ఉంది.

అప్పటి నుంచి రోజూ చేస్తున్నాం. అది చేస్తూ మొక్కలకు చివర్లు గిల్లుతాను, గుబురుగా పెరగాలని. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. కదలని తంత్రి కదలకపోయినా, రెండోది అవతలిదాకా వచ్చి దాన్ని అందుకుంటుందట, అందుకే సాధన అన్నారు. పాత గొంతు తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వనన్నారు.

కొమ్మలు గుచ్చాలంటే ఎలాంటివి తీసుకోవాలో రాయి.

నీ
భారతి


నెల్లిమర్ల,
నవంబరు 8, 2024.

చిరంజీవి భారతికి,

దీవెనలు. నీ ఉత్తరం ధనలక్ష్మికి చదివి వినిపించాను. మోటారు దగ్గర ఇద్దరం నవ్వాం, ఝాన్సీ మాట దగ్గర నేను ఆగిపోతే మిగతాది తనే చదువుకుంది. నువ్వు ఎక్కడ కూర్చుని 'ఈ' అన్నావో ఆ చోటు నాకు కళ్ళకు కట్టింది.

కొమ్మలు: మరీ లేత పచ్చవి వద్దు, ముదిరి గట్టిపడినవీ వద్దు. పచ్చదనం పోయి గోధుమరంగు తిరుగుతున్నవి జానెడు పొడుగున కొయ్యి. కింది ఆకులు తీసేసి తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టు. వేరు వచ్చిందా అని పీకి చూడకు. కొత్త ఆకు వేస్తే వచ్చినట్టు. పదింటిలో సగం బతికినా గొప్పే, చలికాలం కదా. ఎక్కువే గుచ్చు.

మొన్నటి వానలకు మా కంచె విరగబూసింది. ఎర్రటి కాయలు కూడా అక్కడక్కడా కట్టాయి, పిగిలిపిట్టలు వచ్చి పోతున్నాయి. అప్పుడప్పుడు దారిన పోయేవాళ్ళు ఆగి మొక్క అడుగుతారు. నీకు ఇచ్చాక ఇంకెవరికీ ఇవ్వలేదు.

మిగతా అంతా మామూలే. కొట్లో రద్దీ వేళకు ఎవడో ఫోన్ చేసి విసిగిస్తున్నాడు. రెండు రోజులు వరసగా చేశాడు. తెలియని నంబరు. బొంగురు గొంతు, మాట తెలియదు, ఊపిరి తీస్తాడు, ఏదో అనబోతాడు. తాగి ఉన్నాడేమో. నా చేతులకు శనగపిండి, ధనలక్ష్మి ఫోను నా చెవి దగ్గర పట్టుకుంది. "ఎవుడివిరా నువ్వు, రాంగు నంబరు, ఫోను పెట్టీ" అని కసిరి కట్ చేయించాను. మళ్ళీ చెయ్యలేదు.

దుప్పటి కప్పుకుని పడుకో, మంచు పడుతోంది.

నీ పిన్ని
కూర్మమ్మ


అరసవల్లి,
నవంబరు 14, 2024.

పిన్నికి,

అది ఎవడో కాదు. నేనే.

మాట్లాడటం మానేశాక నా ఫోన్ రీఛార్జి చేయించలేదు, పాత నంబరు పోయింది. ఈమధ్యే కొత్త నంబరు తీసుకున్నాను. ఆపరేషన్‌కు ముందు రోజూ సాయంత్రం నీకు చేసేదాన్ని కదా, మళ్ళీ మొదటి ఫోన్ నీకే చెయ్యాలనుకున్నాను. 'పిన్నీ' అనే మాట ఒక్కటే ఝాన్సీ ముందు ఎన్నిసార్లు సాధన చేశానో. మొదటిసారి నువ్వు కట్ చేస్తే, కొట్లో చప్పుడుకు వినపడలేదనుకున్నాను. రెండోసారి 'ఎవుడివిరా' అన్నావు.

నీ మీద కోపం లేదు. నువ్వు పెంచిన దాని గొంతు నీకే తెలియలేదంటే అది ఇక నాది కాదన్నమాట.

పాపతో సాధన చేస్తూనే ఉన్నాను, దాని కోసం. ఇంకెవరికీ ఫోన్ చెయ్యను.

భారతి


నెల్లిమర్ల,
నవంబరు 18, 2024.

నా తల్లి భారతికి,

నీ ఉత్తరం పొద్దున్న వచ్చింది. చదివి పొయ్యి ఆర్పేశాను. ఇవాళ కొట్టు తియ్యలేదు. తాగినవాడు అని రాసిన చెయ్యి ఇది, దీన్ని ఏం చెయ్యను?

నేను నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఏప్రిల్‌లో నీ ఆపరేషన్ అయినప్పటి నుంచి సాయంత్రం ఏడయ్యేసరికి నా చెవి ఫోను మీదే ఉండేది. నువ్వు చెయ్యలేవని తెలుసు. అయినా చూసేదాన్ని. నాకు కావలసింది నీ పాత గొంతు అనుకున్నాను. అదే వస్తుందని కూర్చున్నాను. కొత్తది వచ్చి తలుపు కొడితే తోలేశాను. నీ గొంతు నీది కాకపోవడమేమిటి? మారింది నీ గొంతు, మారాల్సింది నా చెవి. అది నా పని.

ధనలక్ష్మితో చెప్పాను. తను ఏమందో తెలుసా? "అలాగైతే రోజూ సెయ్యమను. నాలుగు రోజులు ఇంటే ఏ గొంతైనా అలవాటైపోతాది. సూడు, నీ గురక నాకు అలవాటవ్వలేదా?" అంది. ఆ మనిషికి ఏ మాట ఎక్కడ అనాలో తెలియదు. కానీ నాకు ధైర్యం వచ్చింది.

నీ కొత్త నంబరు ఉత్తరం వెనక ఉంటుందేమోనని తిప్పి చూశాను, లేదు. ఫోన్లో వచ్చిన నంబర్లలో వెతికించి పట్టుకున్నాను. దానికి 'భారతి' అని పేరు పెట్టించాను. నేను చెయ్యను, చేస్తే నువ్వు ఎత్తకపోవచ్చు. నువ్వే చెయ్యి. సాయంత్రం బజ్జీలు మానేసి ఇంట్లో కూర్చుంటున్నాను. ఏమీ అనకపోయినా ఫరవాలేదు, ఊపిరి తీసినా అది నువ్వని తెలుసుకుంటాను.

నీ పిన్ని
కూర్మమ్మ


అరసవల్లి,
ఫిబ్రవరి 20, 2025.

పిన్నికి నమస్కారాలు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్లో చెబితే మధ్యలో నువ్వు నాలుగు ప్రశ్నలు వేస్తావు, నేను అలసిపోతాను. ఇది తీరికగా చెప్పవలసిన సంగతి.

నేను సోమవారం బడికి వెళ్ళాను. మెడలో చిన్న మైకు, నడుముకు దాని స్పీకరు పెట్టె కట్టుకున్నాను. ఆయన మోటారు సైకిలు మీద గేటు దాకా దింపి, లోపలికి వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డారు. వెనక్కి తిరిగి చూస్తే భయమేస్తుందని నేను చూడలేదు.

క్లాసులోకి వెళ్ళకుండా ముందు పిల్లల్ని వరండా ముందుకు రమ్మన్నాను. నేను గుచ్చిన హోలీ కొమ్మల్లో బతికినవి ఎనిమిది. ఆరు బడికి తీసుకెళ్ళాను. హెడ్మాస్టరు గారిని అడిగితే వరండా మెట్ల పక్క చోటు చూపించారు, అక్కడ పొద్దుటి ఎండ బాగుంటుంది. మైకు ఆన్ చేసి, మొదటి మాటగా "ఇది హోలీ మొక్క" అన్నాను.

"రంగుల హోలీయా టీచర్?" అని అడిగాడు నవీన్ అనే పిల్లాడు. ఝాన్సీ అడిగిన ప్రశ్నే. కాదని చెప్పాను. ముళ్ళు ఎందుకుంటాయో చెప్పాను, పిట్టలకు కాయలు ఎలా పనికొస్తాయో చెప్పాను. రెండు చోట్ల గొంతు చీలింది. ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పాను. ఒకడు నవ్వబోయి పక్కవాడిని చూసి ఆగిపోయాడు. వాడు నవ్వినా ఈసారి రిజిస్టరు ఎవరికీ ఇవ్వను అనుకున్నాను.

ఝాన్సీ సంగతి నీకు తెలిసిందే. మొన్న కుసుమకుమారి గారు మళ్ళీ పిలిచారు. ఈసారి క్లాసులో మరీ గోల చేస్తోందట, కాస్త చెప్పుకోమన్నారు. చెబుతానన్నాను. ఇంటికొచ్చి చెప్పలేదు.

డాక్టరు గారు పోయిన వారం చూసి, ఆ తంత్రి ఇక కదలకపోవచ్చు అన్నారు. రెండోది మాత్రం బాగా సాగి అందుకుంటోందట. అంటే గొంతు ఇంకొంచెం గట్టిపడుతుంది కానీ బొంగురుగానే ఉంటుంది. ఆ మాట విన్నప్పుడు బాధ వెయ్యలేదని చెప్పను. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాగావళి వంతెన దాటేసరికి కుదుటపడ్డాను. ఆ సాయంత్రం నీకు ఫోన్ చేస్తే, ఇంకా 'హలో' అనకముందే నువ్వు "భారతీ, ఏటయినాది?" అన్నావు. ఊపిరికే పోల్చుకున్నావు.

వేసవిలో కొట్టు పది రోజులు ధనలక్ష్మి గారికి అప్పగించి రా. నేనే పిలుస్తానన్నాను కదా, పిలుస్తున్నాను. మా కుండీల్లో మొక్కల్ని నేలలో పెట్టాలి. ఎంత ఎడం వదలాలో నువ్వు చూసి చెప్పాలి.

సోమవారం సంగతి పూర్తి చెయ్యలేదు. మొక్కలు నాటుతుంటే, రాణి అని రెండో తరగతి పిల్ల, ఈ ఏడే చేరింది, నా పాత గొంతు దానికి తెలియదు. గుంటలో మట్టి పోస్తూ తలెత్తి చూసి, "టీచర్, మీకు జలుబు సేసిందా?" అంది.

లేదమ్మా, నా గొంతే ఇది అన్నాను.

"అలాగా" అని, అది మళ్ళీ మట్టి పోసుకుంటూ కూర్చుంది.

నీ
భారతి